తిప్పి పంపకూడని గిన్నె

సహోదరులారా, సహోదరీలారా, నెలలో మొదటి ఆదివారం వస్తోందంటే మీలో చాలామందికి ప్రభువు బల్ల గుర్తొచ్చి మనసు తేలికపడుతుంది, నాకు మాత్రం ఎన్నో ఏళ్ళపాటు ఆ ఆదివారం తలచుకుంటేనే గుండె బరువెక్కేది. ఎందుకంటే ఆ బల్ల దగ్గర గిన్నె అందుకుని ఒక్క గుక్క ద్రాక్షారసం తాగితే చాలు, ఆఖరి పాట ముగిసేలోపు నా ముక్కు రెండు వైపులా మూసుకుపోయేది, కళ్ళు ఎర్రబడేవి, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ప్రభువు నన్ను తోసేస్తున్నాడని అనుకున్నాను!

నాకు ముక్కులో కండ పెరిగే జబ్బు ఉంది, డాక్టర్లు పాలిప్స్ అంటారు. ఆపరేషన్ చేసి తీసేసినా మళ్ళీ పెరిగాయి. వాటితోపాటు ఉబ్బసం వచ్చింది, వాసన పూర్తిగా పోయింది. మల్లెపువ్వుకీ మాడిన పప్పుకీ నాకు తేడా తెలిసేది కాదు. అయినా తట్టాంచావడి పారిశ్రామికవాడలో నేను సూపర్‌వైజరుగా పనిచేసే వర్క్‌షాపులో గానీ, సంఘంలో గానీ ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని నలుగురిలో చెప్పుకోవడం మా ఇంట్లో లేదు.

మాది బాహూరు చెరువు కింద పొలాలున్న కుటుంబం. ఇప్పుడు పొలాలు లేవు, ఇల్లూ లేదు, మిగిలింది ఒక వెండి గిన్నె. మా తాతగారు ఇంటికి వచ్చిన పెద్దమనుషులకు ఆ గిన్నెలో పానకమో మజ్జిగో స్వయంగా అందించేవారు. దాన్ని తాగకుండా తిప్పి పంపినవాడు మళ్ళీ మా గడప తొక్కేవాడు కాదు, తొక్కనిచ్చేవారు కాదు. నేను నా భార్య కస్తూరి వెంట సంఘానికి వచ్చి రక్షణ పొందిన తరువాత, ఆ గిన్నెను ప్రభువు బల్లకు ఇచ్చాను. మా ఇంటి గిన్నె ఇంతకన్నా గొప్ప ఇంట ఉండబోదని సంతోషించాను, దేవునికే మహిమ!

ఇప్పుడు నా భయం మీకు అర్థమవుతుంది. నేను ఇంట్లో తెలుగే మాట్లాడతాను గానీ బడిలో చదివింది తమిళం, ఫ్రెంచి. తెలుగు అక్షరాలు కస్తూరి దగ్గర నేర్చుకుని, పరిశుద్ధ గ్రంథంలో కూడబలుక్కుని చదివిన మొదటి మాటల్లోనే, ఆ బల్లలో అయోగ్యంగా పాలుపొందినవాళ్ళు రోగులవుతారన్న హెచ్చరిక ఉంది. అది నా గురించే రాసి ఉందనుకున్నాను. తాగితే ఊపిరి ఆడదు, తాగకుండా తిప్పి పంపితే ఆ గడప ఇక నాది కాదు. అందుకని ప్రతి నెలా తాగాను, ప్రతి నెలా బయటికి వచ్చి గోడ పట్టుకుని ఊపిరి కోసం తన్నుకున్నాను, "ప్రభువా, నాలో ఏ పాపం ఉందో చూపించు, ఒప్పుకుంటాను, నీ బల్ల దగ్గరనుంచి మాత్రం నన్ను లేపేయకు" అని ప్రార్థించాను.

ఒక మొదటి ఆదివారం ముఖమంతా నొప్పిగా ఉంటే మందుల షాపులో తలనొప్పి మాత్ర కొని వేసుకుని, ఉపవాసంతోనే ఆరాధనకు వెళ్ళాను. గిన్నె అందుకున్నాను. ఆ రోజు పాట ముగిసేదాకా కూడా నిలబడలేకపోయాను, పెదవులు నీలంగా మారాయట, సహోదరులు నన్ను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు.

ఆయాసం కాస్త తగ్గాక ఒక డాక్టరమ్మ వచ్చారు, యానాం అమ్మాయి. "పొద్దున్నుంచి ఏం తీసుకున్నారండీ?" అని అడిగారు. ఏమీ లేదు, ఉపవాసం అన్నాను. పక్కనున్న కస్తూరి ఊరుకోలేదు.

"ఏమీ లేదంటారేంది! తలనొప్పికి మాత్తర ఏసుకోలా? బల్ల కాడ ద్రాక్షారసం తాగలా?"

"వైన్ తాగితే పడదాండీ మీకు?" అన్నారు డాక్టరమ్మ.

"మా వంశంలో ఎవరికీ తాగే అలవాటు లేదు," అన్నాను, ఆక్సిజన్ మాస్కు కిందనుంచే.

"నెలకి ఒక గుక్కేనమ్మా, అదీ దేవుని కాడ," అంది కస్తూరి.

"దేవుడి దగ్గరైనా గుక్క గుక్కేనండీ," అని నవ్వి, ఆమె నెమ్మదిగా వివరించారు. ముక్కులో పాలిప్స్, ఉబ్బసం రెండూ ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్, దానిలాంటి నొప్పి మాత్రలు పడవట. అలాంటివాళ్ళలో చాలామందికి పులిసిన ద్రాక్షారసం, బీరు వంటివి కొంచెం తాగినా ముక్కు మూసుకుపోయి ఆయాసం వస్తుందట. "ఇది మీ ఒంటి తీరండీ, మీరు చేసిన తప్పేం కాదు," అని ఆమె మామూలుగా అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను, సహోదరులారా! నేను ఏళ్ళ తరబడి అడిగిన ప్రశ్నకు దేవుడు ఆ అమ్మాయి నోట జవాబు చెప్పించాడు.

అయినా గిన్నె సంగతి మిగిలే ఉంది. పెదవులకు తాకించి తాగినట్టు ఉందామనుకుని, ఆ మాట కస్తూరితో అన్నాను.

"మనుషుల కాడ బిగదీసుకుంటే సరే," అంది, "దేవుని కాడ కూడా నాటకమా?"

తరువాతి మొదటి ఆదివారం రొట్టె తీసుకున్నాను. గిన్నె వచ్చింది. మా తాతగారి గిన్నె! "ప్రభువా, దీన్ని తిప్పి పంపితే నీ గడప తొక్కనిస్తావా?" అని లోపల అడిగి, రెండు చేతులా వెనక్కి ఇచ్చేశాను. తరువాత సాక్ష్యాల సమయంలో లేచి, నా జబ్బు, నా భయం, అన్నీ చెప్పాను. మా ద్రాక్షారసం కొన్నది కాదు, కాకినాడ వైపునుంచి వచ్చిన సువార్తమ్మగారు ఇంట్లో జాడీలో నల్ల ద్రాక్ష పులియబెట్టి తెస్తారు. ఆమె లేచి నిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే మీకు ఆయాసం తెప్పించానా అండీ! ముందే చెప్పొద్దా అయ్యగారూ?"

పాస్టరుగారు నాకోసం వేరే చిన్న గ్లాసు పెడదామన్నారు. సువార్తమ్మగారు ఒప్పుకోలేదు. "వేరే గ్లాసేంటండీ? ఆయనిచ్చిన గిన్నెలో ఆయనకే లేకుండానా? పొద్దున్నే పళ్ళు పిండి తెస్తాను, అందరం అదే తాగుదాం." కాదన్నవారు ఒక్కరూ లేరు.

అంతకుముందే ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరమ్మ ఎదుట, అప్పుడే పిండిన రసం కొంచెం తాగి చూశాను. ఏమీ కాలేదు. ఆమె చెప్పిన ముక్కు మందు, ఉబ్బసం మందు ఇప్పటికీ మానకుండా వాడుతున్నాను, పడని మాత్రల పేర్లు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందే చెబుతున్నాను. మందు ఇచ్చిన చేతిలో దేవుని చేయి ఉందని నమ్ముతాను, అందుకు సిగ్గుపడను.

ఆ మరుసటి నెల గిన్నె నా దగ్గరికి వచ్చినప్పుడు తల వంచాను, నల్ల ద్రాక్ష వాసన! ఎన్నేళ్ళకు నాకు ఒక వాసన తెలిసింది! తాగాను. పాట పూర్తయ్యేదాకా నిలబడి పాడాను. మా తాతగారి ఇంట గిన్నె తిప్పి పంపిన అతిథి గడప దిగి వెళ్ళిపోయేవాడు, ఇక్కడ నా ప్రభువు అతిథిని కూర్చోబెట్టి, గిన్నెలో ఉన్నదాన్నే మార్చాడు. ఆయన నామానికి స్తోత్రం!

దేవుడు తోసేశాడనుకుని గోడ పట్టుకుని ఒంటరిగా నిలబడిన వారెవరైనా ఇది చదువుతుంటే, నమ్మండి, ఆయన తోసేయలేదు. డాక్టరు అడిగితే దాచకండి, సంఘంలోనూ దాచకండి. మొదటి ఆదివారం మా ఆరాధన హాలుకు రండి, నా పక్కన చోటు ఉంచుతాను. మీకు ఏది పడదో మాత్రం సువార్తమ్మగారికి ముందే చెప్పండి.