రెండు పోగుల మందు

ఏడో తరగతి నాకు ఎంత నచ్చిందంటే, రెండేళ్లు అందులోనే కూర్చున్నాను. మూడో ఏడు కూడా కూర్చుంటే ఆ బెంచీకి నా పేరు పెడతారని భయపడి బడి మానేశాను. అలాంటి నేను డాక్టర్ల పరిశోధనలో పని చేశానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. పరిశోధన వాళ్లదే. ఖమ్మంలోని ఆ దవాఖానా ఐసీయూలో మంచాలు తోయడం, పక్కలు మార్చడం, అడవి పల్లెలవాళ్లకు డాక్టరు మాటను కోయలో చెప్పడం నా వంతు. మాది చండ్రుగొండ పక్క పల్లె. ఆ మాట నాకు చిన్నప్పుడే అబ్బింది.

ఆ వానాకాలం భద్రాచలం అవతలి నుంచి ఒకామె తన భర్తను తీసుకొచ్చింది. జ్వరం మెదడుకెక్కి మనిషికి తెలివి లేదు. మిషన్ ఊపిరి పోస్తోంది. మా పెద్ద డాక్టరు అప్పట్లో అలాంటి జ్వరానికి రెండు మందులను పోల్చి చూస్తున్నారు. మామూలు వైద్యం అందరికీ ఒకటే. దానికి తోడు ఆ రెండిట్లో ఏదో ఒక మందు పడుతుంది. ఎవరికి ఏది పడిందో డాక్టరుకు కూడా తెలియదు. అదీ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే.

"ఏది మేలో నిజంగానే తెలియదయ్యా. ఆమెకు అర్థమయ్యేలా చెప్పు," అన్నారాయన.

తెలియదని డాక్టరే చెప్పడం ఆమెకు మింగుడు పడలేదు. "తెల్వనోనికాడికి ఎందుకొచ్చినం తమ్మీ?" అంది.

నేను వేటమాంసం సంగతి ఎత్తుకున్నాను. మాంసాన్ని పోగులు పెడతారు. ఒకడు అటు తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అంటే, అటు తిరిగినవాడు ఒక ఇంటిపేరు చెబుతాడు.

"మా సారే ఆ అటు తిరిగినోడు అక్కా. మొకం జూసి భయపడకు, రోజూ గిట్లనే ఉంటది."

ఆమె నవ్వలేదు గానీ తలూపింది. ఆలోచించుకుని వేలిముద్ర వేసింది.

రోజులు గడిచినా ఆమె భర్త కళ్లు తెరవలేదు. ఎదుటి మంచం మీద అదే జ్వరంతో, అదే పరిశోధనలో ఉన్న ఖమ్మం దర్జీ మాత్రం లేచి తల్లిని చాయ్ అడిగాడు. ఐసీయూలో అందరం సంబరపడ్డాం. ఆమె ఒక్కతే ఆ మంచం వైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే ఆమె, ఆ దర్జీ తల్లి కలిసి నా దగ్గరికి వచ్చారు.

"తమ్మీ, మా పోగు మార్పియ్యి. ఈ పెద్దమ్మ ఒప్పుకున్నది."

"ఏం పోగు అక్కా?"

"మా ఊళ్లె ఎవరికన్న అన్నీ ఎముకలే వస్తే, కండ వచ్చినోడు మార్సుకుంటడు. ఇంట్ల బాలెంత ఉంటే అడగకముందే మార్సుకుంటరు."

దర్జీ తల్లి నా చెయ్యి పట్టుకుంది. "ఇచ్చెయ్ బేటా. మావోడు లేచిండు కదా. మాది ఆమెకియ్యి, ఆమెది మాకియ్యి. జల్దీ సారుకు చెప్పు."

మా పల్లెలో పోగు పడ్డాక మార్చుకోవడం ఉండదు. ఎముకలొస్తే ఎముకలే వండుకుంటాం.

ఇద్దరినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విని, పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టారు.

"మార్చడానికి లేదమ్మా. ఎవరికి ఏది పడిందో నాకే తెలియదు. ఆ అబ్బాయి మందు వల్లే లేచాడని కూడా చెప్పలేను. ఇష్టం లేకపోతే మీరు ఇందులోంచి బయటికి రావచ్చు. మామూలు వైద్యం ఆగదు."

ఆ మాటలన్నీ కోయలో చెప్పాను.

"బయటికొస్తే ఆ పెద్దమ్మ కొడుకు మందు ఇస్తరా?" అని ఆమె నన్ను అడిగింది.

"ఇయ్యరు అక్కా."

"ఉంటే?"

"మీకు పడ్డదే ఉంటది."

ఆమె తన భర్త మంచం దాకా వెళ్లి, అతని పాదాలు తడిమి, తిరిగొచ్చింది. "అయితే వద్దు. మార్సరాని పోగు మాకొద్దు."

డాక్టరు ఎదురు చెప్పకుండా ఆమె భర్తకు పడుతున్న మందు ఆపించారు. ఆ తర్వాత నేను ఆ మంచం దగ్గర జోకులు వేయలేదు. ఆపిన మందే మంచిదైతే? ఎవరిని అడగాలి?

చివరికి అతను కళ్లు తెరిచాడు. భార్యను గుర్తుపట్టాడు గానీ కుడి చెయ్యి లేవలేదు. అది మందు ఆపినందుకో, వేసినందుకో, జ్వరం చేసిన పనో నాకు ఇప్పటికీ తెలియదు.

వెళ్లే రోజు జీపు ఎక్కిస్తూ, నోరు ఊరుకోక, "అక్కా, మీ ఊళ్లె పోగులు మార్సుకుంటరని ముందుగాల ఒక్కమాట చెప్తే అయిపోయేది గద," అన్నాను.

ఆమె తన భర్త కుడి చేతిని ఒళ్లోకి సర్దుకుంది.

"మీ కాడ మార్సుకోరని నువ్వు చెప్తివా తమ్మీ? అటు తిరిగినోని మొకం గూడ చెప్తివి. గదొక్కటే చెప్పకపోతివి."