బదిలీ మాకు, తొందర చుట్టాలకు

మా ఆయనకు బదిలీ వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్... రెండింట్లో ఏది కావాలో సోమవారంలోగా చెప్పమన్నారు. ఆ సంగతి నిన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టడమే నేను చేసిన తప్పు.

ఈ రోజు పొద్దున్నే హుజూరాబాద్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. పండక్కి కూడా మెసేజ్‌తో సరిపెట్టే మనిషి.

“గా ఆదిలాబాద్ ఎందుకే, చలికి తట్టుకోలేరు. కరీంనగరే తీస్కోండ్రి,” అంది. మా మీద ఇంత ప్రేమా అని నా కళ్లు చెమర్చబోయాయి. అంతలోనే, “కింది పోర్షనే చూడు బిడ్డా. దవాఖానలకు దగ్గరుంటే ఇంకా మంచిది,” అంది.

“మాకెవరికీ ఏ రోగం లేదు చిన్నమ్మా.”

“మీకెందుకుంటదే! మీ చిన్నాయినకు మోకాళ్ల నొప్పులు. డాక్టర్ వారం వారం రమ్మంటుండు. ఆ కాళ్లతోటి ఒక్కనాడే పోయి వచ్చుడు కష్టం గదా!”

నా కళ్లు వెంటనే ఆరిపోయాయి. ఆదిలాబాదే ఖాయమని మా ఆయనకు, ఆయనకు మాత్రమే, చెప్పాను.

సాయంత్రం భైంసా నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. “వదినా, ఆదిలాబాదేనట గదా! మస్తు మంచిగైంది. మా పెద్దదాన్ని ఆడనే కాలేజీల జాయిన్ చేస్తున్నం. జర ఒక రూం ఎక్కువున్న ఇల్లు చూడుండ్రి.”

ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పారని అడిగితే, మా ఆయన టీవీ సౌండు పెంచారు.

ఏ ఊరికి వెళ్లమంటారో మీరే చెప్పండి. కాకపోతే, ఆ ఊళ్లో మీకేం పనుందో ముందు రాయండి.