ముందురోజు దేవసహాయం

మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసి విరమించిన మా పొరుగు దేవసహాయం గారికి ఒకే ఒక్క వ్యసనం: భార్యతో ఏ చోటికి పోవలసివచ్చినా, ముందురోజు తానొక్కరే అక్కడికి పోయి చూసిరావడం.

కోదాడలో పెళ్ళి గురువారమైతే బుధవారమే బస్సెక్కి, ఖాళీ పందిట్లో కాసేపు కూర్చుని, వంటవాళ్ళు పోసిన చాయ్ తాగి తిరిగివచ్చేవారు.

"పెండ్లి మంచిగయిందా పెద్దాయనా?" అని ఎదురింటి శంకరయ్య ఎకసెక్కమాడేవాడు.

"పెండ్లి రేపయితది. పందిరి మాత్రం మంచిగుంది" అని ఆయన గంభీరంగా సెలవిచ్చేవారు. చావు ఇళ్ళకు ముందురోజు పోవడం కుదరదన్న వెలితి ఒక్కటే ఆయనకు మిగిలిపోయింది.

రెండువేల పదకొండు వానాకాలంలో ఆయన భార్య జానమ్మ గారికి కడుపులో కేన్సరని తేలింది. హైదరాబాదు దవాఖానకు తోడుగా నేనూ వెళ్ళాను. కోతకు ముందు కడుపు చుట్టూ ఉండే రక్తనాళాలను సీటీ స్కాన్‌లో చూడాలనీ, వాటి దారులు అందరిలో ఒక్కలా ఉండవనీ సర్జన్ చెప్పారు. స్కాన్ మర్నాటికి పెట్టారు.

"ఆ మిషన్ల నేను పండుకోను. ఇంటికి పోదాం" అన్నారు జానమ్మ గారు. నా వైపు తిరిగి, "ఎరుగని జాగల అడుగుపెడ్తే నాకు కాళ్ళు సచ్చుపడ్తయన్నా. పెండ్లయిన కాడికెల్లి గంతే. ఈయన పోయి సూసొచ్చి చెప్తెనే కదుల్త" అన్నారు.

ఊరి నవ్వునంతా ఆయన ఎందుకు నెత్తిన వేసుకున్నారో అప్పటికిగాని నాకు బోధపడలేదు.

ఈలోగా దేవసహాయం గారు స్కాన్ గది కుర్రవాడిని పట్టుకున్నారు.

"జర ఒక్కసారి పండుకోనియ్యి నాయనా."

"బీమారి నీకా తాతా?"

"నాకు కాదు. రేపు మా ఆమె పండుకుంటది."

కుర్రవాడు నవ్వి, మిషను ఆడించకుండా, ఆ బల్లమీద ఆయనను పడుకోనిచ్చాడు. ఆపై బయటికి వస్తున్న రోగులనందరినీ ఆయన విచారించారు.

"అది సొరంగం కాదు జానమ్మా, పెద్ద చక్రం. అవతలి గోడ కనబడ్తది. నరంల మందెక్కిస్తే ఒళ్ళు ఎచ్చబడ్తది. పక్క తడిపినట్టే అనిపిస్తది గాని, తడవదట."

"నువ్వు తడిపినవా?"

"నాకు మందియ్యలే."

స్కాన్ జరిగింది. సర్జన్ తెరమీద చూపించారు. "కడుపుకు పోయే నాళం నుంచే కాలేయానికి ఒక పాయ పోతోంది. తెలియక కోస్తే అదీ తెగేది. ఇప్పుడు దాన్ని కాపాడుతూ కోస్తాం. కంతి పూర్తిగా వస్తుందా అన్నది మాత్రం కోశాకే తెలుస్తుంది."

"అంటే మీరు గూడ ముందుగాల పోయి సూసొచ్చిండ్రు సారూ!" అన్నారు దేవసహాయం గారు.

సర్జన్ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

అయితే ఆపరేషన్ గదిలోకి, ఎంత బతిమాలినా, ఆయనను ఎవరూ పోనివ్వలేదు. స్ట్రెచర్ పక్కన ఆయన తడబడ్డారు. "జానమ్మా, లోపల ఎట్లుంటదో నాకు ఎర్కలేదు."

"నువ్వు గీడ కూసో. నేనే పోయి సూసొస్త."

ఆయన కూర్చోలేదు. ఎంతోసేపటికి సర్జన్ బయటికి వచ్చి, కంతి పూర్తిగా వచ్చేసిందనీ, కాలేయపు పాయ పదిలమనీ, తక్కినది వేచి చూడవలసిందేననీ చెప్పారు. సాయంత్రం జానమ్మ గారు కన్ను తెరిచారు. ఏదో చెప్పబోతుంటే ఆయన చెవి ఒగ్గారు.

"లోపల మస్తు సలిగుంటది. నువ్వొచ్చేటట్టయితే దుప్పటి తెచ్చుకో."