తువ్వాలు కొసన ముడి

మా మరిది పోయిన రోజు నేను కొండాపూర్ దవాఖానలో మోకాలు చూపించుకోవడానికి వరుసలో కూర్చున్నాను. ఫోను మోగింది. మరిది కొడుకు. “పెద్దమ్మా, నాయిన బండికి నీళ్ళ ట్యాంకర్ తగిలింది. నాయిన లేడు” అన్నాడు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. “ఏ పక్కనుంచి?” అన్నాను.

“ఎడమ పక్కనుంచి” అన్నాడు వాడు, ఏడుస్తూనే.

నాకు నాలుగో తరగతి వరకే చదువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. కానీ ఇది రాయకుండా ఉండలేను.

మా మరిది పెళ్ళికొడుకులను ఊరేగించే బగ్గీ తోలేవాడు. మా ఆయన, తోటికోడలు పోయాక మేమిద్దరం ఒకే వాకిట్లో చెరో గదిలో ఉన్నాం. చుట్టూ అద్దాల మేడలు లేచినా ఆ వాకిట్లో రేకుల కొట్టం, అందులో చాందిని అనే తెల్ల గుర్రం అట్లాగే ఉన్నాయి. పొద్దున తన రొట్టెలో మొదటి తుంపు దానికి పెట్టందే తను తినేవాడు కాదు. కొరడా ఉండేది గానీ అది ఎన్నడూ దాని ఒంటికి తగల్లేదు. బండెక్కిన ప్రతి పెళ్ళికొడుకుతోనూ “సారూ, ఇయ్యాల నువ్వే రాజువి. రేపటి సంది లగాం ఆమె చేతిలుంటది. జర నిమ్మలంగ కూసో” అనేవాడు.

నాకు పుట్టుకతోనే భయం. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేస్తాను. బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడతాను. “వదినా, నీ ఫికర్‌తోని బండి బరువెక్కుతున్నది, జర దిగు” అని నవ్వేవాడు.

కిందటేడు ఎండాకాలంలో ఒకరోజు అన్నం తింటూ “తొక్కు ఎయ్యలేదేంది?” అన్నాడు. మామిడికాయ తొక్కు పచ్చడి కంచంలో ఎడమ పక్కన వేసే ఉంది. మర్నాడు కావాలనే ఉల్లిగడ్డ ముక్క ఎడమ పక్కన పెట్టాను. అది అట్లాగే మిగిలిపోయింది. పోరి పోరి కంటి దవాఖానకు తీసుకుపోయాను. ఎడమ కంటి నరం ఎండిపోయింది, పోయిన చూపు ఇక రాదు అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

“కొడుక్కు చెప్పకు వదినా. చెప్తే బండి అమ్మిస్తడు. చాందిని మీద ఒట్టెయ్యి.”

వేశాను.

ఆ చలికాలంలో, తెల్లాపూర్ అవతల గుర్రాల క్లబ్బు నడిపే ఒక మేడం ఏదో పెళ్ళిలో అతను బండి తోలడం చూసింది. గుర్రపు బండ్ల పోటీ పెడుతున్నాం, మీరూ రండి అంది. మైదానంలో ఎర్ర కోన్లు జతలు జతలుగా నిలబెడతారు. ఒక్కో కోను నెత్తిన ఒక బంతి. బండి ఆ జతల నడుమ నుంచి పోవాలి, బంతి పడకూడదు. చక్రానికి అటు జానెడు, ఇటు జానెడు సందు ఉంటుంది, అంతే.

“ఒంటికన్నుతోని ఎట్ల పోతవయ్యా?” అన్నాను.

“ఇన్నేండ్లు పెండ్లికొడుకుల కోసం తోలిన. ఒక్కపారి నా కోసం తోలనియ్యి.”

అట్లా అన్నాక వద్దనడం మానేశాను.

గుర్రం బెదిరితే దిగి పట్టుకోవడానికి బండి వెనక సీట్లో ఇంకొక మనిషి ఉండి తీరాలని అక్కడి కట్టుబాటు. అయితే ఆ మనిషి దారి చెప్పకూడదు. నోరు విప్పితే తప్పు కింద రాస్తారట. మరిది నన్ను రమ్మన్నాడు.

“నేనా? ఈ మోకాళ్ళతోని గుర్రాన్ని పడతనా?”

“చాందిని బెదరదు. నాకు కావల్సింది నీ భయం. నువ్వు దేన్కి బెదురుతవో అది నా ఎడమకున్నట్టు.”

మెడ చుట్టూ తెల్ల తువ్వాలు వేసుకుని, ఎడమ కొస వెనక్కి వదిలాడు. ఎడమ చక్రం కోనుకు మరీ దగ్గరైతే నేను ఆ కొస లాగాలి, అతను కుడికి జరుగుతాడు. వేళ్ళు జారకుండా కొసకు ముడి వేశాను. అది దొంగాట అని ఇద్దరికీ తెలుసు.

పోటీ పొద్దున మంచు. పక్కన కడుతున్న మేడలకు తలలు లేవు. చాందిని బకెట్లో నీళ్ళు వాసన చూసి తాగకుండా తల తిప్పేసుకుంది. మైదానం అంచున అంబులెన్సు ఆగి ఉంది, తలుపులు తెరిచే ఉన్నాయి. ఒక అమ్మాయి కాగితం తెచ్చి సంతకం పెట్టమంది.

“ఇందుల ఏం రాసిన్రు బిడ్డా?”

“ఏం లేదండి మామ్మగారూ. ఏదైనా జరిగితే మాకు సంబంధం లేదని.”

“ఏదైనా అంటే?”

ఆ పిల్ల నవ్వి నా చేతిలో పెన్ను పెట్టింది. నా పేరు అంత వంకరగా నేను ఎప్పుడూ రాయలేదు.

మా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది. గంట కొట్టారు. మొదటి జత దాటాం, రెండోది దాటాం. నాలుగో దాని దగ్గర ఎడమ చక్రం కోను మీదికి పోతుంటే ముడి లాగాను. బండి వెంట్రుకవాసి జరిగింది. బంతి వణికి నిలబడింది. అతని వీపు నిటారుగా ఉంది. ఆ వీపు చూస్తుంటే మొదటిసారి నాకు గర్వం అనిపించింది.

చివరి జత ముందు, పక్క మేడ మీది క్రేను తిరిగింది. దాని నీడ ఎడమ నుంచి నేల మీద పాకుతూ వచ్చింది. నాకు గోడ వచ్చి మీద పడుతున్నట్టే ఉంది. గట్టిగా లాగేశాను. బండి కుడికి పోయింది, కుడి కోను మీది బంతి పడింది. దొర్లుతూ దొర్లుతూ పోయి మట్టిలో ఆగింది.

బహుమతి ఎవరికో వెళ్ళింది. బండి దిగి నేను ఏడ్చాను. “పడ్డది బంతే కద వదినా. మనం పడలే” అన్నాడు. ఇంటిదాకా ఆ కోన్ల ముచ్చటే.

అక్కడితో ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. “సూసినవా, నడిచింది కదా” అని ఇంకా ఎక్కువ పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు. నేను ప్రతి బరాత్‌కూ వెనక సీట్లో కూర్చుని ముడి పట్టుకుని వెళ్ళాను. పెళ్ళివాళ్ళు నన్ను పెళ్ళికొడుకు నాయనమ్మ అనుకుని చేతిలో మిఠాయి పెట్టేవారు. ఆ మిఠాయి కొంగున కట్టుకునేదాన్ని. ఏ హారను మోగినా నా చెయ్యి బిగుసుకునేది. ఏదో ఒకరోజు నేను ఉండను అనే మాట మాత్రం ఇద్దరం ఎన్నడూ అనుకోలేదు.

ఆ రోజు నా మోకాలు వాచింది. “చక్రం బాగు చేయించుకొని వస్త. ఖాళీ బండికి ఫికరెందుకు? నువ్వు దవాఖానకు పో” అన్నాడు. మలుపు తిరిగేదాకా చూశాను.

పదకొండో రోజు అయ్యాక కొడుకు నా పక్కన కూర్చున్నాడు. “పెద్దమ్మా, ఫోన్ల ఏ పక్కనుంచి అని ఎందుకడిగినవ్?” అన్నాడు. ఒట్టు తప్పాను. తొక్కు దగ్గర్నుంచి అంతా చెప్పాను. “నాకు చెప్పుంటే...” అని ఆగిపోయాడు. ఆ మాట వాడు పూర్తి చేయలేదు. నేను రోజూ పూర్తి చేసుకుంటున్నాను.

ఈ బతుకంతా నా భయాన్ని అందరూ విసుక్కున్నారు. అది పనికొస్తుందని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నవాడు అతనొక్కడే. ఆ మేలు మరిచిపోలేను. ఆ తప్పూ మరిచిపోలేను.

చాందిని గాయాలు మానుతున్నాయి. మొదటి తుంపు ఇప్పుడు నేనే పెడుతున్నాను. పెద్ద దవాఖాన వాళ్ళు ఇచ్చిన సంచిలో అతని తువ్వాలు వచ్చింది. ఉతుకుదామని విప్పితే ఎడమ కొసన నా ముడి అట్లాగే ఉంది. నేను రావడం లేదని తెలిసి కూడా, మలుపు దాటాక ఆ రోజూ ఆ కొసను వెనక్కే వేసుకున్నాడట. దారిలో బండిని చూసినవాళ్ళు చెప్పారు. ఖాళీ సీటు మీద ఆ ముడి అటూ ఇటూ ఊగుతూ పోయిందట.