నాగేశ్వర ఒక్కడికే తెలిసిన కోడు

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లకు ఒక ప్రోగ్రాము కావాలని యజమాని శ్రీరంగప్ప ఆర్డరు పట్టుకొచ్చినప్పుడు, అనంతపురంలోని తన చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో దాన్ని రాయగలిగినవాడు నాగేశ్వర ఒక్కడే. ఏ ఆర్డరుకు ఎంత గుడ్డ కత్తిరించాలి, ఏ సైజులో ఎన్ని ప్యాంట్లు రావాలి, ఏ కట్ట ఏ మిషను దగ్గరుంది, అన్నీ అది చెప్పేది. ఏళ్లు గడిచేకొద్దీ యూనిట్లు పెరిగాయి, ప్రోగ్రామూ పెరిగింది. అందులో ఎక్కడేముందో నాగేశ్వరకు తప్ప ఇంకెవరికీ తెలియదు. "నాగేశన్నా, నువ్వు చూస్తే గానీ కాదు" అని ఫోను వస్తే అతనికి ఛాతీ ఉప్పొంగేది. అన్నం ముందు నుంచి లేచి మరీ వెళ్లేవాడు.

ప్రశాంతి చేరింది ఆ రోజుల్లోనే. శింగనమల దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. చేరిన వారంలోనే అడిగింది.

"అన్నా, ఈ సైజుల లెక్క ఎట్ల పనిచేస్తాదో ఒకసారి చెప్తావా? యాడ మొదలుపెట్టాలో తెలీడంలేదు."

"నీకెందుకమ్మా ఆ తలనొప్పి? నువ్వు రిపోర్టులు చెయ్యి. అది నేను చూసుకుంటా."

ఆ పిల్ల ఊరుకోలేదు. తనంతట తానే చదువుకుంది. ఫలానా ఆర్డరు ఇస్తే ఫలానా జవాబు రావాలి, రాకపోతే తెరమీద ఎర్రగా కనిపించాలి, అన్నట్టు ఆ లెక్కకు టెస్టులు రాసింది. కోడులో జరిగే ప్రతి మార్పునూ దాచి, కావాలంటే వెనక్కి తీసుకోవడానికి గిట్ అనే సాధనం పెట్టింది. నాగేశ్వర అప్పటిదాకా ఫోల్డరును కాపీ చేసి 'కొత్తది', 'అసలు కొత్తది' అని పేర్లు పెట్టుకుంటూ నెట్టుకొచ్చాడు.

ఒక పొద్దున ఆమె సంబరంగా అదంతా చూపిస్తుంటే, తన ఇంట్లో ఎవరో అడక్కుండా సామాన్లు సర్దినట్టు అనిపించింది అతనికి.

"ఇన్నేండ్లు ఇవి లేకనే నడిచింది గదమ్మా. తీసెయ్."

"ఉంటే నష్టమేముండాదన్నా? రేప్పొద్దున నువ్వు లేనప్పుడు..."

"నేను యాడికి పోతా?"

ఆమె తీసేసింది. కొన్నాళ్లకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఆఖరి రోజు అందరికీ మైసూరుపాకు పంచుతూ అతని బల్ల దగ్గర ఆగింది. "నీ దగ్గర పని నేర్చుకుందామని వచ్చినా అన్నా. నేర్చుకోనీలే నువ్వు," అంది. గొంతులో కోపం లేదు. నాగేశ్వర నవ్వేసి మైసూరుపాకు నోట్లో వేసుకున్నాడు.

తర్వాత శ్రీరంగప్ప బెంగళూరులో ఆఫీసు తెరిచాడు. అక్కడ టీముకు పెద్ద తనేనని నాగేశ్వర అనుకున్నాడు. భార్య జ్యోతిలక్ష్మితో అక్కడ ఇల్లు ఏ పక్క చూద్దామని కూడా మాట్లాడాడు. తీరా చూస్తే ఆ కుర్చీలో సందీప్ అనే కొత్తవాణ్ణి కూర్చోబెట్టారు.

"నువ్వు పోతే ఈడ ఎవరు చూస్తారప్పా?" అన్నాడు శ్రీరంగప్ప. "రాయదుర్గం పని యాడిదాడ నిలబడిపోతాది. నువ్వు ఈన్నే ఉండాల."

ఎన్నేళ్లుగానో వింటే పొంగిపోయిన మాటే అది. ఆ రోజు మాత్రం అదే అతణ్ణి ఉన్నచోట కట్టేసింది. మనసు విరిగి ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకు కూర్చున్నాడు. కోడు రాయడం గురించి అడిగినవన్నీ చెప్పాడు. "మీ కింద పనిచేసినవాళ్లకు ఏం నేర్పించారు? తప్పు కస్టమరు దాకా పోకముందే ఎట్లా పట్టుకుంటారు?" అని అడిగినప్పుడు, "అన్నీ నేనే చూసుకుంటా సార్" అన్నాడు. వాళ్లు మర్యాదగా పంపించేశారు. మళ్లీ ఫోను రాలేదు.

అలా ఉండగా అతని నాయన బయ్యన్నకు గుండె జబ్బు ముదిరింది. బుక్కరాయసముద్రం అవతల తన చేన్లోకి పోకుండా ఒక్క పూటా ఉండలేని మనిషి, అనంతపురం ఆస్పత్రిలో మంచం మీద పడుకున్నాడు. ఆపరేషను రోజు పొద్దున కొడుకును దగ్గరికి పిలిచాడు.

"ఈడ కూర్చోరా నాగేశా. నీకొక మాట చెప్పాల."

ఫోను మోగింది. రాయదుర్గం నుంచి. ముందురోజు నాగేశ్వర ఆదరాబాదరాగా రెండు కొత్త సైజులు చేర్చి వచ్చాడు. దాంతో పాత ఆర్డర్లలో సైజులన్నీ రెండు మెట్లు జరిగిపోయాయి. బల్ల మీద పరిచిన గుడ్డ సగం తప్పుగా కోసేశారు. పని ఆగిపోయింది.

"ఒక్క నిమిషం నాయనా, వస్తా," అని ల్యాప్‌టాప్ తీసుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

వెనక్కి తీసుకుందామంటే 'అసలు కొత్తది'లో ఏముందో అతనికే గుర్తులేదు. ప్రశాంతి రాసిన టెస్టులు ఉండుంటే సరిగ్గా ఈ తప్పునే పట్టుకునేవి. వరస వరసగా వెతికి, సరిచేసి, పైకి పరుగెత్తేసరికి మంచం ఖాళీగా ఉంది. లోపలికి తీసుకెళ్లారు.

"నిన్నే అడుగుతానే లోపలికి పోయినాడు," అంది జ్యోతిలక్ష్మి. "నాతో చెప్పు మామా అంటే, వానికే చెప్పాల అన్నాడు."

బయ్యన్న ప్రాణాలతో బయటికి రాలేదు.

కర్మ అయ్యాక నాగేశ్వర శ్రీరంగప్ప దగ్గరికి వెళ్లి, "ఇంకో మనిషిని ఇయ్యన్నా. అంతా నేర్పిస్తా," అన్నాడు. ఆశ్రిత అనే అమ్మాయి చేరింది. అతను పక్కన కూర్చుని ప్రతి లెక్కా విప్పి చెప్పాడు. ఇద్దరూ కలిసి టెస్టులు మొదలుపెట్టారు. వాటిలో ఒకటి ఎలా రాయాలో తోచక ప్రశాంతికి ఫోను చేశాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. పెట్టేయబోతూ అతను ఆగాడు.

"ఆ పొద్దు నువ్వు రాసినవి తీసెయ్యమనకుండా ఉంటే, నేను మా నాయన దగ్గరుండేవాణ్ణి ప్రశాంతీ."

"అట్ల అనుకోవద్దన్నా," అంది ఆమె.

మొన్న రాయదుర్గంలో మళ్లీ ఏదో అడ్డం పడింది. ఆశ్రితే చూసి సరిచేసింది. నాగేశ్వరకు ఆ సంగతి టీ తాగి వచ్చాక తెలిసింది. ఎవరూ అతనికి ఫోను చెయ్యలేదు. "బాగ చేసినావమ్మా," అని, పొద్దుండగానే ఇంటికి బయలుదేరాడు.

"ఏమి, ఇంత బిరీన వచ్చినావు?" అంది జ్యోతిలక్ష్మి.

"నాతో పని లేకపోయా," అన్నాడు.

కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చున్నాడు. నాయన చెప్పాలనుకున్నది చేను సంగతో, అమ్మ సంగతో, ఊరికే ఏదో ఒక మాటో. కరెంటు దీపాలు వెలిగేదాకా అతను అదే ఆలోచిస్తూ కూర్చున్నాడు.