అరచేతిలో శ్రీ

చదువుకునే పిల్లలకి ధ్యేయం ఉండాలి, అది లేని చదువు దండగ అని మొన్న మా వీధి బడి వార్షికోత్సవంలో ఒకాయన మైకు పట్టుకుని చెప్పాడు. పొద్దు వాలిందాకా చెప్పాడు. ముందు వరసలో పిల్లలకి ఆవలింతలు వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. మా జోగమ్మ వదినకి ఏ ధ్యేయమూ లేదు. ఆమె చదువు దండగ అనగల మొనగాడు ఉద్దానంలో ఇంకా పుట్టలేదు.

జోగమ్మ మా మేనత్త కూతురు. పలాసలో రైలు దిగి వచ్చినవాణ్ని ఊరంతా చుట్టూ చేరి చూసే కాలం అది. మా ఊరంతా కొబ్బరితోటలు. పీచు కొట్టడం, తాడు పేనడం ఆడవాళ్ల పని. చిన్నపిల్లల అరచేతులు కూడా గరగరలాడేవి. బడి అంటే మునసబు గారి అరుగు. పంతులంటే టెక్కలి నుంచి వచ్చిన ఉమాపతి గారు. ఇసుక పోసి వేలితో అక్షరాలు దిద్దించేవారు.

జోగమ్మని బడికి ఎవరూ పంపలేదు. తమ్ముడు సూర్యం బడి అంటే ఏడ్చేవాడు. వాణ్ని చంకనేసుకుని తీసుకెళ్లి పక్కన కూర్చునేది. కొన్నాళ్లకి వాడు ఏడుపు మానేశాడు. ఈమె మాత్రం లేవలేదు.

ఆ బడికో ఆనవాయితీ ఉండేది. పొద్దున అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో పంతులుగారు బెత్తం కొసతో శ్రీ రాస్తారు. రెండోవాడికి చుక్క పెడతారు. మూడోవాడి నుంచి దెబ్బలు. వెనకబడేకొద్దీ దెబ్బలు పెరుగుతాయి. కడపటివాడి చెయ్యి ఆ పూట అన్నం కలపడానికి పనికిరాదు.

జోగమ్మకి ఆ శ్రీ కావాలనిపించింది. వేకువనే తమ్ముణ్ని లేపి, ఈడ్చుకెళ్లి, అరుగెక్కి కూర్చునేది. పంతులుగారు రాగానే చెయ్యి చాపేది. ఆయన సగం నిద్రలో ఉన్న సూర్యం చేతిలో శ్రీ రాసి ముందుకి పోయేవారు. ఈమెకి శ్రీ లేదు, చుక్క లేదు, దెబ్బ కూడా లేదు. అరుగు స్తంభానికి ఉన్న గుర్తింపు కూడా లేదు.

మా నాయనమ్మ నవ్వేది. "ఏటే గుంటా, బెత్తంతో గీకితే ఏటి అగుపడతాదే? గోరింటాకేటి పండడానికి?"

"రాయించుకున్నాక నాకు అగుపడతాది" అనేది జోగమ్మ.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. "పంతులుగారూ, నాను ముందొచ్చినాను."

"నువ్వు తమ్ముణ్ని దింపడానికి వచ్చావు."

"నాకూ అచ్చరాలొచ్చు. సూడండి." ఇసుకలో తన పేరు రాసింది. ఒక్క తప్పు లేదు. పంతులుగారు అరచేత్తో ఇసుక చదును చేసేశారు.

"సరే, ఒక్క మాట చెప్పు. నారాయణరావు చదివి వాళ్ల నాన్న తర్వాత మునసబీ చేస్తాడు. సూర్యం రైల్వేలో చేరతాడు. నువ్వు చదివి ఏం చేస్తావు?"

జోగమ్మ నోరు తెరిచేలోగానే మునసబు కొడుకు నారాయణరావు అందుకున్నాడు. "తాడు పేనడానికి పద్యాలు కావాలేటి దీనికి!" అరుగంతా ఒకటే నవ్వు.

"సూర్యం ఇప్పుడు ఒక్కడే రాగలడు. రేపటినుంచి నువ్వు రావద్దు" అన్నారు పంతులుగారు.

మర్నాడు సూర్యాన్ని ఒక్కణ్నే పంపి, పీచు ముందేసుకుని కొట్టింది. ఆ కొట్టుడుకి పక్కింటివాళ్లు తొంగిచూశారు. "ఒగ్గీయే, నీకేటి తక్కువైందని?" అంది నాయనమ్మ. నా వదిన కొట్టుడు ఆపలేదు. ఎండ బాగా ఎక్కాక లేచింది. చేతులు కడుక్కుంది. నా రెక్క పట్టుకుని తిన్నగా మునసబు గారి అరుగు దగ్గరికి నడిచింది. చెయ్యి చాపింది.

"ఆలీసంగా వచ్చినాను. అందరికన్నా కడదాన్ని. కొట్టండి."

పంతులుగారు తెల్లబోయారు. "నిన్ను రావద్దన్నానా?"

"వచ్చినాను కదా. శ్రీ ఎలాగూ నేదు. దెబ్బలైనా నావి నాకెయ్యండి."

"ఆడపిల్లని కొట్టను. పో."

అప్పుడు లేచాడు నారాయణరావు. ఆ వేళ మగపిల్లల్లో కడపట వచ్చినవాడు వాడే. వాచిన చెయ్యి ఊదుకుంటున్నాడు. "అదేటండీ! నాకంటే ఎనకొచ్చింది. నన్ను బాది దాన్ని ఒగ్గేత్తారేటి?"

"కొట్టాలండీ! దానికీ కొట్టాలి!" అని పిల్లలంతా అందుకున్నారు. వెర్రి వెధవలు. జోగమ్మని బడిలో చేర్చింది వాళ్లే, పంతులు కాదు.

ఆయన బెత్తం తీశారు. వదిన కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ చెయ్యి వెనక్కి పోలేదు. ఆయన జాలిపడి ఆపబోతే, "ఇంకొకటి తగ్గిందండీ" అంది. అదీ వేయించుకుంది. వెళ్లి తమ్ముడి పక్కన కాదు, వరసలో కూర్చుంది. లేవమని ఎవడూ అనలేదు. ఎలా అంటారు? ఆ అరుగు మీద దెబ్బ తిన్నవాళ్లంతా బడి పిల్లలే.

మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి ఆ వాచిన చెయ్యే చాపింది.

"రెండో చెయ్యి చాపు. దీనికి నొప్పి పుడుతుంది" అన్నారాయన.

"పుట్టనీండి. రాసినట్టు తెలుత్తాది."

ఆయన రాశారు. రాసి, "ఇప్పుడైనా చెప్పు. చదివి ఏం చేస్తావు?" అన్నారు.

"సదివినాక సెప్తాను."

చదివింది. పెళ్లయి మూలపేట వెళ్లాక అత్తవారి అరుగు మీద, పీచు కుప్పల మధ్య, ఆడపిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పింది. నాకు వచ్చిన ఈ నాలుగు ముక్కలూ నేను అక్కడికి వెళ్లినప్పుడల్లా నేర్చుకున్నవే. ఆ బడిలో ముందొచ్చినదానికీ శ్రీయే, వెనకొచ్చినదానికీ శ్రీయే. చదువెందుకని ఏ పిల్లనీ ఆమె అడగలేదు. ఒక పిల్ల తండ్రి వచ్చి, "దీనికి సదువెందుకే?" అని అడిగితే, "నువ్వెందుకు సదవనేదో ముందు సెప్పు మావా" అంది. ఆయన మళ్లీ ఆ వీధిలోకి రాలేదు. పిల్ల మాత్రం రోజూ వచ్చింది.

పంతులుగారికి చెప్తానన్న జవాబు చెప్పకుండానే పోయింది మా వదిన. చెప్పక్కరలేదని నా లెక్క. మైకాయన వచ్చే ఏడు కూడా వస్తాడట. ఈసారి ఆయన ధ్యేయం అనగానే నేను లేచి, ఆయన్ని బళ్లో వేసిననాడు ఎందుకని ఎవరైనా అడిగారా అని అడుగుతాను. వద్దని మా మనవలు ఇప్పటినుంచే నా కొంగు పట్టుకుంటున్నారు. పట్టుకోనీ.