నాన్న పెట్టిన సీడీ

ప్రత్తిపాడు పక్కన మా ఊళ్లో మిరప నారు పోసేటప్పుడు మొదటి గుప్పెడు గింజలు ఎవరు పడితే వాళ్లు చల్లరు. చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలుచుకుంటారు. మా వైపు ఆ మనిషి మా నాన్న. పిలిచిన రోజు తెల్లవారుజామునే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వెళ్లేవాడు. దానికి ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. ఆ పిలుపే ఆయనకు గొప్ప.

రెండువేలు దాటిన కొత్తల్లో, నా ఎంసీఏ ఆఖరి ఏడాదిలో, ఇంట్లో కంప్యూటర్ మొరాయించింది. మాటిమాటికీ ఆగిపోయేది. వైరస్ అనుకున్నాను. వారంలో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. రాసింది ఫ్లాపీల్లో దాచుకుని, అంతా తుడిచేసి ఓఎస్ మళ్లీ ఎక్కిద్దామని కూర్చున్నాను.

"మీ నాన్న చేత్తో మొదలుపెట్టించవే" అంది అమ్మ. నాకు అలాంటి నమ్మకాలు లేవు గానీ, అమ్మ మాట కాదనలేక పిలిచాను. నాన్న కాళ్లు కడుక్కుని వచ్చాడు. సీడీని అంచులు పట్టుకుని జాగ్రత్తగా ట్రేలో పెట్టి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, నేను చూపించిన బటన్ నొక్కాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ముప్పై ఏడు శాతం దగ్గర ఆగిపోయింది. ఏదో ఫైలు కాపీ కావడం లేదంది. మళ్లీ మొదలుపెడితే సగం దాటాక తెర నీలంగా మారి నిలిచిపోయింది. మూడోసారి మొదట్లోనే ఆగింది. సీడీ తుడిచాను. గుంటూరు వెళ్లి స్నేహితురాలి దగ్గర ఇంకో సీడీ తెచ్చాను. కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాను, హార్డ్ డిస్కు రెండుసార్లు ఫార్మాట్ చేశాను. రెండు రోజులు ఇదే పని. నా కోపం సంగతి తెలిసి ఇంట్లో ఎవరూ ఆ గదిలోకి రాలేదు. నాన్న ఒక్కడే గడప దగ్గర నిలబడి, "ఇంకా ఎక్కలేదామ్మా?" అన్నాడు.

"నీ చెయ్యి పడ్డాక ఇంకేం ఎక్కుతుంది నాన్నా" అన్నాను.

పక్క చేను బాబాయి అప్పుడే వచ్చి వసారాలో కూర్చుని ఉన్నాడు. నా మాట వినబడనట్టే, "అన్నాయ్, రేపు పొద్దున్నే నారు పోస్తున్నాం, నువ్వు రావాలి" అన్నాడు.

నాన్న అటు తిరిగి, "ఈసారికి ఇంకెవరినైనా పిలుచుకోరా. మొలవకపోతే నేను తట్టుకోలేను" అన్నాడు.

నాకు అంతా వినబడుతూనే ఉంది. లేచి వెళ్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. పౌరుషం అడ్డొచ్చింది, లేవలేదు.

మర్నాడు, గుంటూరులో మా కంప్యూటర్ అమర్చిన కుర్రాడికి ఫోన్ చేశాను. "ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా అండీ, వేరే వేరే చోట్లా?" అని అడిగాడు. వేరే వేరే చోట్లన్నాను. "అయితే సీడీ కాదండి, ర్యామ్ చూడండి. ర్యామ్ ముక్కలు రెండుంటే ఒకటి తీసేసి ఎక్కించండి" అన్నాడు. రెండోది, స్పీడు పెరుగుతుందని అంతకుముందు నెలలో నేనే పాతది కొనుక్కొచ్చి, నా చేత్తో నేనే బిగించినది. తీసేశాను. గంటలోపే ఓఎస్ ఎక్కింది. వైరస్సూ లేదు, ఏమీ లేదు.

నాన్న దగ్గరకు వెళ్లి చెప్పాను. "తప్పు నాదే నాన్నా. నేను పెట్టిన ముక్క చెడిపోయింది. నీ చేతికీ దీనికీ ఏ సంబంధం లేదు."

"సరేలేమ్మా, ఎక్కింది గదా. రిపోర్టు రాసుకో పో" అన్నాడు. నిజంగానే సంతోషించాడు. బాబాయికీ చెప్పాను గానీ, అప్పటికే ఆయన మడిలో వేరే మనిషి గింజలు చల్లేశాడు.

ఆ తర్వాత ఎంతమంది పిలిచినా నాన్న వెళ్లలేదు. కంప్యూటర్ సంగతి ఒప్పుకున్నాడు, తన చెయ్యి మంచిదే అంటే ఒప్పుకోలేదు. పై ఏడాది మా సొంత మడి దగ్గర, ఇసకలో కలిపిన గింజల పళ్లెం నా చేతికిచ్చి, "నువ్వు చల్లమ్మా" అని గట్టెక్కి నిలబడ్డాడు. వద్దంటే వినలేదు. చల్లాను.

నారు ఎన్నడూ లేనంత ఒత్తుగా మొలిచింది. నాన్న ఊరంతా చెప్పుకున్నాడు, తనది కాదు, నా చెయ్యే మంచిదని. ఆ గింజలు మొలవకుండా ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను.